పది అంగుళాల ఎర

‘‘ఇదేం ఎర బావా... దీన్ని మనమే వేపుకుని తినేయొచ్చు!’’

పెట్టె తెరవగానే నా నోటి నుంచి వచ్చిన మాట ఇది. 10 అంగుళాల రబ్బరు చేప. ట్రౌట్‌కి అచ్చు నకలు. ఒంటిమీద గులాబీ చార, నల్ల చుక్కలు. అటూ ఇటూ ఊపితే బతికున్నట్టే తోకాడిస్తోంది. నేనేమో మా ఊరి చెరువులో గాలానికి వానపామును గుచ్చి, బెండు ఎప్పుడు మునుగుతుందా అని చూస్తూ పెరిగినవాణ్ని. కొర్రమీను కోసం గుచ్చే కప్పపిల్లే నాకు తెలిసిన పెద్ద ఎర.

మార్చిలో అక్కావాళ్లను చూడ్డానికి శాన్‌డియెగో వెళ్లాను. మూడోరోజు అక్క వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. బావ ఉద్యోగం పోయి అప్పటికి 41 రోజులు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఇంకోటి వెతుక్కోవడానికి ఉండే గడువు మహా అయితే 60 రోజులు. ఓ చిన్న కంపెనీ రమ్మంటోంది. జీతం మూడో వంతు తక్కువ. బావేమో పెద్ద కంపెనీ పిలుపు కోసం చూస్తున్నాడు.

‘‘నేను కదిపితే గొడవవుతోంది. రేపు చేపలకు వెళ్తున్నారుగా... నువ్వైనా చెప్పరా’’ అంది.

శనివారం పొద్దున్నే ఎస్కాండిడోలోని డిక్సన్‌ లేక్‌లో అద్దె పడవెక్కాం. నేను, బావ, ఎనిమిదేళ్ల మేనల్లుడు. కొండల మధ్య చిన్న చెరువే. కానీ లార్జ్‌మౌత్‌ బాస్‌ చేపల పిచ్చి ఉన్నవాళ్లకు పుణ్యక్షేత్రం! దవడ దగ్గర నల్లమచ్చ ఉన్న ఓ చేప ఇక్కడ 2001లో, 2003లో, 2006లో చిక్కింది. చివరిసారి తూకం 25 పౌండ్ల 1 ఔన్సు... 11 కిలోల పైమాటే. జార్జియాలో జార్జ్‌ పెర్రీ 1932లో పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల చేపదే అప్పటికి ప్రపంచ రికార్డు. అయితే ఈ చేపకు గాలం నోట్లో కాకుండా ఒంట్లో గుచ్చుకుంది. పట్టిన మాక్‌ వీక్లీ దాన్ని నీళ్లలో వదిలేశాడు, రికార్డూ అడగలేదు. 2008లో అది చచ్చి తేలిందట. బావ ఈ కథ చెబుతుంటే ఇంటి మనిషి పోయినట్టుంది.

‘‘ఇంతకీ ఎర అంత పెద్దదెందుకు?’’ అన్నాను.

బావకు హుషారొచ్చింది. 1959లో ఫ్లోరిడా జాతి బాస్‌ను తెచ్చి ఈ జిల్లా చెరువుల్లో వదిలారు. చలికాలంలో జనం పట్టుకోవడానికి ట్రౌట్‌నీ వదులుతారు. తొట్లలో మేత తిని పెరిగిన మెతక చేపలవి. వాటిని మింగి బాస్‌లు భారీగా పెరిగాయి. బాగా పెరిగిన బాస్‌ చిన్న చేపల వెంట పదిసార్లు ఉరకదు. ఒక్క ఉరుకులో కడుపు నిండే తిండి కోసం చూస్తుంది. అందుకే ఈ రబ్బరు ట్రౌట్‌. చిన్న చేపలు దీని జోలికి వచ్చేది తక్కువ. రోజుల తరబడి ఏమీ పడకపోవచ్చు. ‘‘పడితే మాత్రం...’’ అని చేతులు చాపి చూపించాడు.

విసరడం... ధబ్‌మని చప్పుడు... నిదానంగా చుట్టడం. మళ్లీ విసరడం. నాకే భుజం నొప్పి పుట్టింది. పక్కన మేనల్లుడు వానపాముతో అరచేతంత బ్లూగిల్‌లు లాగుతున్నాడు. ఒకటి, రెండు, నాలుగు! నేను మనసులో మాటలు పేర్చుకుంటున్నాను. ఒక్కటీ బయటికి రాదే!

పదకొండు గంటలప్పుడు రబ్బరు చేప వెనక ఓ నీడ లేచింది. దూలంలా ఉంది. పడవ దగ్గరదాకా వచ్చింది. ముక్కు తగిలేంత దగ్గరగా ఆగి, చూసి... పక్కకు తిరిగి లోపలికి దిగిపోయింది. బావ చేతులు వణుకుతున్నాయి.

‘‘చూశావా? వచ్చింది కదా!’’

ఏమైతే అదవుతుందని అడిగేశాను. ‘‘బావా, ఆ చిన్న కంపెనీ వాళ్లకు ఏం చెబుతున్నావు?’’

‘‘మీ అక్క అడగమందా?’’

దాచలేదు. చాలాసేపు దారం చుడుతూనే ఉన్నాడు. ‘‘ఒకసారి తగ్గితే మళ్లీ ఆ జీతానికి ఎప్పటికి చేరతాను బామ్మర్దీ! వీడి బడి మారాలి, ఇల్లు మారాలి. అవన్నీ నాకు తెలీకనా?’’ అన్నాడు. కొడుకు వైపు చూడలేదు.

తిరిగొస్తుంటే కారులో తనే ఇంకో సంగతి చెప్పాడు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పెర్రీ రికార్డును సమం చేశాడు. ఎరేంటో తెలుసా... బతికున్న బ్లూగిల్‌! వెనక సీట్లోంచి మేనల్లుడు ‘‘నేను పట్టినవే!’’ అని అరిచాడు. బావ నవ్వాడు. నేనొచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

గుమ్మంలోనే అక్క ‘‘ఏమైనా పడ్డాయా?’’ అంది.

‘‘నాకు ఏడు! నాన్నది చాలా పెద్దది... చూసి వెళ్లిపోయింది.’’

అక్క నా వైపు చూసింది. నేను మంచినీళ్ల సీసా కోసం ఫ్రిజ్‌ దగ్గరికి వెళ్లాను.

నేను బయల్దేరే ముందురోజు, మంగళవారం రాత్రి, బావ ఆ చిన్న కంపెనీకి సరేనని మెయిల్‌ పెట్టాడు. అక్కకు చెప్పి పడుకున్నాడు. గడువులోపే కాగితాలు దాఖలయ్యాయని తర్వాత ఫోన్లో తెలిసింది. మర్నాడు ఎయిర్‌పోర్టుకు నా పెట్టెలు సర్దడానికి డిక్కీ తీశాడు. రబ్బరు చేప పెట్టె అందులోనే ఉంది. దాన్ని ఓ పక్కకు జరిపి నా సూట్‌కేసుకు చోటు చేశాడు.