నల్ల తెర మీద మన మాట

కంప్యూటర్ అంటే మన పిల్లలకు బొమ్మలు, బటన్లు ఉన్న తెర. ఆ బటన్లకు పేర్లు ఎవరో పెట్టారు. మనకు కావలసిన పనికి బటన్ లేకపోతే ఆ పని కాదనుకుని ఊరుకుంటాం. బొమ్మలు లేని నల్ల తెర ఇంకొకటి ఉంది. అక్కడ మాట టైపు చేస్తే పని జరుగుతుంది. దాన్ని కమాండ్ లైన్ అంటారు.

నాకు దాన్ని చూపించింది మా అక్క కొడుకు. డిగ్రీ చదివి, హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌లో ఒక హోల్‌సేల్ కొట్టులో లెక్కలు రాస్తున్నాడు. రోజుకో ఎక్సెల్ ఫైలు, నెలాఖరుకు అన్నీ కలపాలి. "ఫైళ్లు ఒక్కొక్కటీ తెరవనక్కర్లేదు మామా" అని నాలుగు వరుసలు కొట్టాడు. నెల లెక్కంతా ఒకే పట్టికలోకి వచ్చింది. బయట లారీ బస్తాలు దిగుతున్నాయి. ఒక హమాలీ దించింది ఇంకొకరు అందుకుని లోపల పేరుస్తున్నారు. "ఇదీ అంతే, ఒక కమాండ్ ఇచ్చింది రెండోది అందుకుంటుంది" అన్నాడు.

అతను వాడింది పవర్‌షెల్. మైక్రోసాఫ్ట్ దాన్ని 2006లో విడుదల చేసింది. 2016 ఆగస్టులో కోడ్‌ను అందరికీ తెరిచి, లైనక్స్, మ్యాక్‌లకూ ఇచ్చింది. దాని బలం మాడ్యూళ్లలో ఉంది. మాడ్యూల్ అంటే ఆ భాషకు కొత్త కమాండ్లు చేర్చే మూట. ఎవరైనా తయారు చేయవచ్చు, పవర్‌షెల్ గ్యాలరీ నుంచి ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. డగ్ ఫింకే తయారు చేసిన 'ఇంపోర్ట్ ఎక్సెల్' అలాంటిదే. కంప్యూటర్‌లో ఎక్సెల్ లేకపోయినా ఆ ఫైళ్లను చదువుతుంది.

మా బడి పిల్లలు గోండి మాటలు సేకరిస్తున్నారు, ఊరికో ఫైలు. వాటిని కలపడానికి అల్లుడి సాయంతో ఒక కొత్త కమాండ్ రాసుకున్నాను. దాని పేరు 'నార్'. మా భాషలో నార్ అంటే ఊరు. కమాండ్‌కు మన మాటే పేరుగా పెట్టుకోవచ్చు. దాన్ని కొడితే ఏ మాట ఏ ఊళ్లో ఉందో, ఏ ఊళ్లో లేదో వరుసగా కనిపిస్తుంది. ఖాళీ కనిపించిన ఊళ్లో ముసలివాళ్ల దగ్గరికి పిల్లలను మళ్లీ పంపుతున్నాను. ఆ మాట నిజంగా పోయిందా, మనం అడగలేదా అన్నది వాళ్లే చెప్పాలి. వాళ్లున్నప్పుడే అడగాలి.

ఇబ్బందులు లేకపోలేదు. మూల కమాండ్లన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఆ నల్ల తెర మీద తెలుగు ఒత్తులు చాలాసార్లు చెదిరి కనిపిస్తాయి. అయినా ఫైలులో అక్షరం చెడదు.

ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది. అందులో హల్లులు క, ఖ, గ అని మొదలుకావు. య, వ, బ అని మన వరుసలోనే ఉన్నాయి. చోటైతే వచ్చింది. ఆ లిపిలో మాటలను వెతికే, వరుసపెట్టే, తప్పులు పట్టే పనిముట్లు ఇంకా కావాలి.

మన భాష తెలియనివాళ్లు వాటిని చేయలేరు. భాష తెలిసిన మన పిల్లలు ఈ నాలుగు వరుసలు నేర్చుకుంటే చేయగలరు. టీచర్లూ, బడిలో కంప్యూటర్ ఉంటే వారానికి ఒక గంట ఆ నల్ల తెర తెరిపించండి. మొదటి కమాండ్‌కు పిల్లలనే తమ భాషలో పేరు పెట్టమనండి.