చదవరాని అక్షరం

అక్షరానికి రెండు ధర్మాలున్నాయి. అర్థాన్ని తెలుపుట ఒకటి; కంటికి రూపమై నిలుచుట రెండవది. చదువు నేర్చిన నాటి నుండి మనకు మొదటి ధర్మమే మిగిలి, రెండవది మరుగున పడుతుంది. మన లిపిని మనం చదువుతామే గాని, అందలి వంపుసొంపులను చూడము. మనకు రాని లిపిని మాత్రమే నిండుగా చూడగలుగుతాము. పాతబస్తీలో పుట్టి పెరిగి, ఉర్దూ ధారాళంగా మాట్లాడుతూ, దానిని చదవనేర్వని నావంటి తెలుగు విద్యార్థికి ఇది నిత్యానుభవం.

పత్తర్‌గట్టీ సమీపంలోని బాద్‌షాహీ ఆషూర్‌ఖానా నాకు మిక్కిలి ప్రియమైన స్థలం. చార్మినారును నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాయే 1590లలో దీనిని కట్టించాడు. గోడలకు పొదిగిన రంగు రంగుల పింగాణీ పలకలు 1611 ప్రాంతం నాటివి. 1908 నాటి మూసీ వరదలో కొన్ని దెబ్బతిన్నా, మిగిలినవి నేటికీ కన్నులను కట్టివేస్తాయి. పీరు ఆకారంలో తీర్చిన పలకల నిండా పవిత్ర వాక్యాలు అల్లుకొని ఉంటాయి. నాతో వచ్చే ఉర్దూ మాధ్యమపు మిత్రుడు వాటి ఎదుట నిలిచి మెల్లగా పెదవులు కదుపుతాడు. నేను మౌనంగా చూస్తాను. అతనికి అది ప్రార్థన, నాకు రేఖావిన్యాసం. ఒకే గోడ ముందు నిలిచిన ఇద్దరిలో ఎవరు ఎక్కువ చూచినట్లు? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూనే నేను టర్కీ దేశపు ఆధునిక చిత్రకళను గురించి చదవసాగాను.

ఆ దేశంతో మన నగరానికి చుట్టరికమే ఉన్నది. 1924లో ఖిలాఫత్ రద్దు కాగా దేశాంతరం వెళ్ళిన చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్ కుమార్తె దుర్రె షెహ్వార్, 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో ఏడవ నిజాం జ్యేష్ఠ కుమారుడు ఆజం జాను వివాహమాడి మన ఊరి కోడలయింది. పురానీ హవేలీలో ఆమె పేరిట వెలసిన ఆసుపత్రిని ఎరుగని వారు పాతబస్తీలో అరుదు. ఆమె తండ్రి మంచి చిత్రకారుడన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. అంతఃపురంలో బీథోవెన్ సంగీతం వాయిస్తున్న దృశ్యాన్ని ఆయన పాశ్చాత్య పద్ధతిలో, తైలవర్ణాలతో చిత్రించాడు.

ఆయన మనుష్యరూపాలను చిత్రించగా, తరువాత వచ్చిన వారిలో కొందరు రూపాన్ని విడిచి నైరూప్య చిత్రకళను చేపట్టారు. ఆ కళను పాశ్చాత్యుల నుండి గ్రహించినా, అందులో నింపినది చాలావరకు తమ ఇంటి సంపదనే. 1901లో జన్మించిన ఫహ్రెల్‌నిసా జైద్ 1951లో వేసిన ‘నా నరకం’ అయిదు మీటర్లకు మించిన వెడల్పు గల చిత్రం. అందులో మనిషి లేడు, చెట్టు లేదు. ఉన్నవన్నీ లెక్కకు మిక్కిలియైన రంగుల తునకలే. దాని ప్రతిబింబాన్ని ఒక పుస్తకంలో చూచినప్పుడు నాకు ఆషూర్‌ఖానా పలకలే స్ఫురించాయి.

లిపి కథ మరింత విచిత్రం. 1928 నవంబరులో టర్కీ ప్రభుత్వం అరబీ లిపిని తొలగించి, లాటిన్ లిపిని శాసనం చేసింది. తాత వ్రాసిన ఉత్తరాన్ని మనుమడు చదవలేని రోజులు వచ్చాయి. మసీదు గోడపై వ్రాత, సుల్తానుల తుగ్రా ముద్ర, కొత్త బడిలో చదివిన పిల్లలకు అర్థం తెలియని రేఖలైనాయి. 1932లో జన్మించిన ఎరోల్ అక్యవాష్ ఆ తరం వాడు. అతని ‘రాజుల వైభవం’ అన్న 1959 నాటి చిత్రంలోని రూపాలు అచ్చంగా అక్షరాల వలె తోస్తాయి. కాని ఏ అక్షరమూ కావు. న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియం 1961లో దానిని సేకరించింది. కీర్తి వచ్చినా అతడు అక్కడ ఆగలేదు. 1980లలో మిరాజ్ గాథను, సూఫీ అయిన మన్సూర్ హల్లాజ్ జీవితాన్ని వస్తువుగా గ్రహించాడు. రేఖతో ప్రారంభించిన వాడు ఆ రేఖ వెనుక ఉన్న భావాన్ని వెదుక్కుంటూ వెళ్ళాడు.

మన తెలుగునేలపై కూడ ఇట్టి యత్నం జరిగింది. కరీంనగర్ ప్రాంతపు అన్నారంలో 1915లో పుట్టిన పి.టి. రెడ్డి బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, తరువాతి కాలంలో పూజాగృహపు యంత్రాలను, చక్రాలను ఆధునిక చిత్రాలుగా మలిచాడు. అర్థం ఎరిగిన వానికి అవి తంత్రం. ఎరుగని వానికి వృత్త త్రికోణాల పొందిక.

టర్కీలో శాసనం చేసిన పనిని ఇక్కడ కాలం మెల్లగా చేస్తున్నది. కంప్యూటరు వచ్చిన పిదప ఛత్తా బజారులో కలం పట్టే కాతిబులకు పని సన్నగిల్లింది. ఉర్దూ మాట్లాడే ఇండ్లలోనే ఆ లిపి రాని పిల్లలు కనబడుతున్నారు. రేపు వారు కూడ ఆషూర్‌ఖానా గోడను నావలెనే చూస్తారేమో! అందమని మెచ్చుకొని, మాట వినకుండానే వెళ్ళిపోతారేమో! రూపాన్ని చూడగలగటం భాగ్యమే. కాని అది సగం భాగ్యం. అర్థం వినిపించినప్పుడే తక్కిన సగం చేకూరుతుంది.

ఈ తలంపుతోనే నేను నా మిత్రుని వద్ద అలిఫ్ బే దిద్దటం ప్రారంభించాను. బదులుగా అతడు నా వద్ద తెలుగు ఓనమాలు నేర్చుకుంటున్నాడు. మన అక్షరాలు అతనికి తలకట్లు పెట్టుకొన్న ముత్యాల వలె తోస్తున్నాయట! ఇన్నేళ్ళుగా వ్రాస్తున్న నాకు ఆ ముత్యాలు కనబడనేలేదు. ఈ సంచికను కుడివైపు నుండి తెరిస్తే ఉర్దూ, ఎడమవైపు నుండి తెరిస్తే తెలుగు. సోదర విద్యార్థులారా! మీకు రాని వైపును కూడ ఒక్కమారు తెరవండి. ముందు చూడండి, ఆ పిదప, పక్కన కూర్చున్న మిత్రుని అడిగి చదివించుకొనండి.