వార్డెనమ్మ పస్తులు

సావనీరుకి ఏదైనా వ్రాయమంటే అందరిలాగే నేనూ దేశసమస్యల మీద వ్రాద్దామనుకున్నాను. కాని కలం పట్టుకుంటే గుర్తొచ్చేది మా మెస్సు పిల్లి. నవ్వేవాళ్ళు నవ్వండి.

దాని పేరు వార్డెనమ్మ. రాత్రి పది దాటాక కారిడార్లన్నీ తిరిగి గదిగదికీ తొంగిచూసి పోయేది కనుక ఆ పేరు. మెస్సు పెరుగు తిని బాగా ఒళ్ళు చేసింది. పిల్లి కడుపు మోసేది రెండు నెలలే కదా, ఏడాదిలో మూడుసార్లు పెట్టింది. పిల్లల్ని కొన్నిటిని కుక్కలెత్తుకుపోయాయి, రెండు పాలవ్యాను క్రింద పడ్డాయి. ఆ రెంటినీ చూశాక, 2024 ఆగస్టులో మా అంతస్తు వాళ్ళం తలా కొంత వేసుకుని పశువుల ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. గర్భసంచీ, అండాశయాలూ తీసేశారు. పొట్టమీద కుట్లు, మెడచుట్టూ ప్లాస్టిక్ గరాటు. "పదిరోజులదాకా గరాటు తియ్యొద్దు" అని డాక్టరుగారు మరీమరీ చెప్పారు.

మొదటిరోజు మత్తులో పడుకుంది. మర్నాడు కాస్త చేప తిన్నది. కాని ఆ గరాటుతో గోడలకు గుద్దుకుంటూ వెనక్కివెనక్కి నడుస్తూంటే చూడలేకపోయాను. ఆ రాత్రి నేనే తీసేశాను. ఎవరికీ చెప్పలేదు.

తర్వాత తిండి మానేసింది. పాలు పోస్తే మొహం తిప్పుకుంది. వంటాయన పెదవాల్తేరు పోయి నెత్తళ్ళు తెచ్చి ఉడికించి పెడితే వాసనైనా చూడలేదు. "లంఖణం పరమౌషధం కదా బాబూ, ఉండనీండి" అన్నాడాయన. మాకూ సబబుగానే తోచింది. పైగా ఇంటర్నల్ పరీక్షలు. రెండురోజులు గడిచాయి.

చెవులు ముట్టుకుంటే కాలుతున్నాయి. మా రూమ్మేటు పారాసెటమాల్ బిళ్ళ విరిచి, పావు ముక్క పెరుగులో కలిపి ముందు పెట్టాడు. అది మూతి పెట్టలేదు. ఆ ఆకలి లేకపోవడమే దాన్ని బ్రతికించిందని తర్వాత తెలిసింది.

అట్టపెట్టెలో పెట్టుకుని పరుగెత్తాం. నాకినాకి కుట్లు ఊడి చీము పట్టింది. "గరాటేదీ?" అన్నారు డాక్టరుగారు. "ఊడిపోయిందండీ" అన్నాడు రూమ్మేటు, పాపం నిజమనుకునే. నేను నేల చూశాను. పారాసెటమాల్ మాట వినగానే ఆయన ముఖం మారిపోయింది. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. నెత్తురు ప్రాణవాయువును మోయలేకపోతుంది. పావు బిళ్ళ చాలు, ప్రాణం మీదికి రావడానికి. లంఖణమూ అంతే. పిల్లి, అందులోనూ కొవ్వు పట్టిన పిల్లి, కొద్దిరోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయంలో పేరుకుపోతుంది. అప్పుడిక తిందామన్నా తినలేదు. "ఒక్కరోజు తినకపోతేనే తీసుకురావద్దుటయ్యా?" అని కోప్పడ్డారు.

పుండు కడిగి, ఇంజక్షన్లిచ్చి, సెలైను ఎక్కించి, మళ్ళీ గరాటు కట్టారు. మూడురోజులు సూదిలేని సిరంజితో చుక్కచుక్కగా తాగించాం. చల్లటి తిండికి వాసనుండదు, గోరువెచ్చగా పెట్టమన్నారు. నాలుగోనాటి రాత్రి, కాచిన చేపనీళ్ళలో ముంచిన నా వేలు నాకింది. గరుకు నాలుక.

గరాటు దానంతటదే ఊడిపోయిందనే మా అంతస్తు వాళ్ళంతా ఇప్పటికీ అనుకుంటున్నారు. ఈ సంచిక చేతికందాక తెలుస్తుంది.