వైద్యవిద్య ఏల?

ఒక వృత్తిని ఏల కోరుచున్నామో నోటితో చెప్పుట సులభము. కాగితముపై వ్రాయబోయిన కష్టము. మన దేశములో ఎం.బి.బి.ఎస్. చదువగోరువారికి నీట్ పరీక్ష మార్కులే ప్రధానము. బ్రిటనులో అట్లు కాదు. అచ్చట యూకాస్ అను సంస్థ ద్వారా దరఖాస్తు చేసికొనువారు మార్కులతోపాటు తమ్ము గూర్చిన వ్యాసము నొకదానిని పంపవలెను. 2026 ప్రవేశముల నుండి దానిని మూడు ప్రశ్నలుగా విభజించినారు. ఈ చదువును ఏల కోరుచున్నావన్నదే మొదటి ప్రశ్న. అక్షరములు, గుర్తులు, ఖాళీలు కలిపి మూడింటికిని 4,000 మించరాదు.

మా మేనకోడలు ఆ దరఖాస్తునకు పూనుకొన్నప్పుడు మా యింట పెద్ద చర్చ జరిగినది. హోసూరు ప్రాంతమున తరతరములుగా నున్న తెలుగు కుటుంబము మాది. మానవసేవయే నా జీవిత పరమార్థమని ఆరంభింపుమని బావగారు చెప్పినారు. మాట మంచిదే. కాని నర్సును, ఉపాధ్యాయుడును అదే మాట చెప్పవచ్చును. రోగమునకు కారణము తరచి చూచి, చికిత్స నిర్ణయించి, దాని ఫలితమునకు బాధ్యత వహింపగోరుట ఏలయన్న ప్రశ్నకు ఆ మాట సమాధానము కాజాలదు.

ఆ పిల్ల వ్రాయదలచినది వేరు. మా తల్లికి రక్తపుపోటు కలదు. ఊరివారందరును తెలుగువారే గనుక ఆమెకు తమిళము అంతగా అలవడలేదు. ఒకనాడు పట్టణపు ఆసుపత్రిలో, తనకు వచ్చిన కొద్దిపాటి తమిళములో కన్ను తిరుగుచున్నదని చెప్పగా, కంటివైద్యునికి చీటి వ్రాసినారు. మనకు తిరుగునవి కళ్లు. తమిళులకు తిరుగునది తల. వెంటనున్న మేనకోడలు ఆ భేదమును విప్పి చెప్పి, లేచి నిలుచున్నప్పుడే అట్లగుచున్నదని కూడ తెలిపినది. వైద్యుడు పడుకొనబెట్టి ఒకమారు, నిలువబెట్టి ఒకమారు పోటు చూచినాడు. నిలుచున్నంతనే అది పడిపోవుచుండెను. మాత్ర మోతాదు తగ్గించినాడు. నిలుచున్నప్పుడు రక్తము కాళ్లలోనికి దిగుననియు, నరములు గుండెకును రక్తనాళములకును కబురు పంపి పోటును నిలుపుననియు, కొన్ని మందులు ఆ సర్దుబాటునకు అడ్డు తగులుననియు ఆ పిల్ల పిమ్మట పుస్తకములు చదివి మాకు బోధించినది.

బావగారికి ఇది రుచింపలేదు. "ఇన్ని తరాలుగా ఇక్కడుండి ఆసుపత్రిలో మాట చెప్పుకోలేకపోయామని దేశంకాని దేశంలో చాటుకోవాలా?" అన్నారు. ఇంట నొక భాష, వీధిలో నొక భాష గల మనకందరికి ఆ చిన్నతనము తెలిసినదే. అయినను మేము పిల్ల పక్షమునే వహించినాము.

భీమవరమున 1895లో జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ వ్యాధి వలన సోదరులను కోల్పోయినారు. అట్టి దుఃఖము ఎందరికో కలిగినది. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందము కృత్రిమముగా తయారు చేసిన ఫోలిక్ ఆమ్లము ఆ వ్యాధి చికిత్సకు ఉపయోగపడినది. మనము ఆయనను స్మరించుట దుఃఖించినందుకు కాదు, దుఃఖము తరువాత చేసిన పనికి. దరఖాస్తులోనైనను చూపదగినది అదియే: ఏమి చూచితిమి, చూచిన పిదప ఏమి తెలిసికొనగోరితిమి.

రోగి కథ రోగిదే గదా! అందుచేత వ్రాయుటకు ముందు ఆ పిల్ల అమ్మమ్మ అనుమతి కోరినది. "రాయవే తల్లీ. నువ్వే నయం చేశానని మాత్రం రాయకు. మాత్ర తగ్గించింది ఆ డాక్టరు" అన్నది మా తల్లి. ఆ హద్దును పిల్ల దాటలేదు. అరువు వాక్యములను పట్టుటకు వ్యాసములను పోల్చి చూచు ఏర్పాటు యూకాస్‌కు కలదు. అమ్మమ్మ హెచ్చరిక అంతకన్న గట్టిది.

బరంపురమున, బెంగళూరున, షోలాపురమున మన పిల్లలెందరో పెద్దల వెంట ఆసుపత్రులకు పోయి రెండు భాషల నడుమ నిలుచుచున్నారు. అది దాచుకొనవలసిన లోపము కాదు. రోగి మాటను సరిగా వినుట వైద్యమునకు మొదటి మెట్టు. ఆ మెట్టు వారికి ఇంటనే దొరకినది.

తుదిరూపమున ఆ వ్యాసములో సేవ అను మాట ఒక్కటియు లేదు. "కళ్లు తిరుగుతున్నాయి" అన్న మాట మాత్రము ఆంగ్ల లిపిలో మొదటి పంక్తిలోనే యున్నది. బావగారు దానిని రెండుమారులు చదివి, ఒక అక్షరదోషమును దిద్ది, పంపుమన్నారు.