పాట నడుమ ఈ గుంటెవర్తిరా?

కారుకి స్టీరియో కొనడం అంటే పెళ్ళిచూపులకి వెళ్ళినట్టే! ఒకరు రంగు చూస్తారు, ఒకరు గొంతు వింటారు, ఇంకొకరు ధర విని కాఫీ అయినా తాగకుండా లేచి వచ్చేస్తారు. పోయిన సంక్రాంతికి ముందు నేనూ విజయనగరంలో మూడు షాపుల మెట్లెక్కాను. నాకు కావలసింది ఉత్త పాటలపెట్టె కాదు, దారి కూడా చెప్పే స్టీరియో. అదీ మా నాన్న కోసం. చిక్కంతా అక్కడే ఉంది.

మా నాన్న టాక్సీ డ్రైవరు. అంబాసిడర్ తోలిన రోజుల్లో ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఆయనకి తెలియని మలుపు లేదు. దూరాన్ని కిలోమీటర్లలో చెప్పేవాడు కాదు, కేసెట్లలో చెప్పేవాడు! “సీకాకులమా? తొంభై నిమిషాల కేసెట్టు రెండేపులా అయిపోద్ది” అనేవాడు. ఒక వైపు ముప్పావుగంట, తిరగేస్తే ఇంకో ముప్పావుగంట. లెక్క ఎప్పుడూ తప్పలేదు.

అన్నట్టు, పాటల దగ్గర మా జిల్లావాళ్ళకి కాస్త పొగరెక్కువే. ఉండదూ మరి? సుశీలమ్మ పుట్టింది విజయనగరంలో. సాలూరి రాజేశ్వరరావుగారిది సాలూరు పక్కన శివరామపురం. ఘంటసాల మాస్టారు కృష్ణాజిల్లాలో పుట్టినా, సంగీతం కోసం వెతుక్కుంటూ వచ్చింది మా ఊరికే. పట్రాయని సీతారామశాస్త్రిగారికి శిష్యుడై, మధుకరం ఎత్తి మరీ చదువుకున్నారు. 1919లో పెట్టిన ఆ సంగీత కళాశాల ముందునుంచి వెళ్ళేటప్పుడు మా నాన్న హారన్ కొట్టేవాడు కాదు!

అలాంటి మనిషి, దసరా వెళ్ళిన తర్వాత ఒక సాయంత్రం మూడులాంతర్ల దగ్గర టీకొట్టు ముందు స్కూటర్ ఆపి, “మా ఇంటికెటెల్లాల?” అని అడిగాడట. టీకొట్టతను హాస్యమాడుతున్నాడనుకుని నవ్వాడు. నవ్వుతూనే నాకు చెప్పాడు. నేను నవ్వలేకపోయాను.

డాక్టరు మతిమరుపు మొదలైందన్నారు. మందులిచ్చారు. ఒంటరిగా బండి నడపనివ్వొద్దన్నారు. స్కూటర్ తాళం దాచేశాను. ఆ తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో ఓ కారు కొన్నాను. తోలేది నేను, పక్క సీట్లో కూచుని దారి చెప్పేది నాన్న. చిన్నప్పటినుంచీ ఆయన చెప్పిన దారే తప్ప నాకు సొంతంగా ఒక్క రోడ్డూ తెలియదు. రేపు ఆయన తప్పు చెబితే? “అటు కాదు నాన్నా” అనడానికి నాకు నోరు రాదు. ఆ డైలాగేదో యంత్రం చేత చెప్పిద్దామని నా ప్లాను. డబ్బింగన్నమాట!

షాపు కుర్రాడు మంచివాడు. “వాట్లు చూసి మోసపోకండి సార్. డబ్బా మీద నాలుగు యాభైలని రాస్తారు. అది ఒక్క క్షణం వేసే కేక. నిలకడగా ఇచ్చేది అందులో సగం కూడా ఉండదు” అన్నాడు. తర్వాత కారులో కన్నం కొలిచాడు. మా పాత కారు కన్నం ఐదు సెంటీమీటర్ల ఎత్తు. తెరలున్న సెట్లకి పది కావాలట. కొత్త ఫ్రేము వేయక తప్పలేదు.

ఇక అసలు ప్రశ్న. ఫోనుకి తగిలించుకుని దాని మ్యాపు చూపించే సెట్టా? మ్యాపు తన కడుపులోనే దాచుకున్న సెట్టా? మొదటిది చవక, మ్యాపు ఎప్పటికప్పుడు తాజా. రెండోదానికి మ్యాపు మనమే మార్పించుకోవాలి. లేకపోతే కొత్త బైపాస్ మీద వెళుతున్నా పొలంలో ఉన్నావంటుంది. కానీ మా చుట్టాలు సాలూరు అవతల ఘాట్‌రోడ్డు దారిలో ఉన్నారు. అక్కడ ఫోను సిగ్నలు దోబూచులాడుతుంది. దారి పట్టుకోవడానికి సిగ్నలక్కర్లేదు. ఆకాశంలో నాలుగు ఉపగ్రహాలు అందితే చాలు, అవి పంపే టైము లెక్కకట్టి మనం ఎక్కడున్నామో చెబుతుంది. మ్యాపు కడుపులో ఉన్నదానికే ఓటేశాను.

ఇంకో సంగతి. 1985లో అమెరికాలో ఈటాక్ అనే కంపెనీ కారుకి దారి చూపే పెట్టె అమ్మింది. కార్లకి ఉపగ్రహాల సాయం లేని రోజులు. దిక్సూచి, చక్రాల దగ్గర పెట్టిన సెన్సర్లే ఆధారం. మరి మ్యాపులు దేంట్లో దాచారనుకున్నారు? కేసెట్లలో! నాన్నకి చెబితే, “కేసెట్లో రోడ్డేటిరా!” అని పకపకా నవ్వాడు. చాలా రోజులకి విన్న నవ్వు.

కానీ మొదటి రోజే సినిమా తిరగబడింది. “మల్లీశ్వరి” పాటలు పెట్టాను. ఘంటసాల అలా గమకం మీదికి వెళ్తున్నారో లేదో, ఠక్కుమని పాట ఆగిపోయింది. ఓ ఆడగొంతు గజపతినగరాన్ని మూడు ముక్కలు చేసి పలికింది.

“పాట నడుమ ఈ గుంటెవర్తిరా?” నాన్న అదిరిపడ్డాడు.

“దారి చెబుతుంది నాన్నా.”

“నానెల్లని దారా? ఆపెయ్ దాన్ని!”

ఆపేశాను.

సంక్రాంతి వెళ్ళాక సాలూరులో పెళ్ళికి బయల్దేరాం. గొంతు ఆపే ఉంది. గజపతినగరం దాటాం, రామభద్రపురం వచ్చింది. ఎడమకి సాలూరు, కుడికి బొబ్బిలి. నాన్న వెయ్యిసార్లు దాటిన జంక్షన్. ఎప్పటిలాగే దారి చూపించడానికి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

వెనక లారీ హారన్ కొడుతోంది. నాన్న నా వైపు చూడలేదు. నేనూ ఆయన వైపు చూడలేదు. మెల్లిగా వేలు చాచి మీట నొక్కాను. పాట ఆగింది. ఆ అమ్మాయి “ఎడమకి” అంది.

తిప్పాను. రెండు మైళ్ళు ఎవరం మాట్లాడలేదు. ఆఖరికి ఆయనే అన్నాడు.

“పాటాపొద్దని సెప్పరా దానికి. పక్కన నిలబడి మెల్లిగా సెప్పమను.”

తిరిగొచ్చాక షాపుకి పరిగెత్తాను. ఉందట ఆ సదుపాయం! దారి చెప్పేటప్పుడు పాట ఆగిపోకుండా, కాస్త తగ్గి మళ్ళీ పెరిగేలా పెట్టుకోవచ్చు. కుర్రాడు రెండు నిమిషాల్లో సరిచేసి, డబ్బులు కూడా పుచ్చుకోలేదు. మీరు కొనేటప్పుడు రంగూ, వాట్లూ తర్వాత చూడండి. ముందు ఈ ఒక్కటీ అడగండి.

ఇప్పుడు మా కారులో ఘంటసాల పాడుతూనే ఉంటారు. ఆ గుంట కిందిగొంతుతో “ఎడమకి” అంటుంది. వెంటనే నాన్న, ఆ మాట తనకే తట్టినట్టు, చెయ్యి చాచి “ఎడమకి కొట్టరా” అంటాడు.

“సరే నాన్నా” అని తిప్పుతాను.