పెదవి పొక్కు

మైపాడు సముద్రతీరమునకు చేరువనున్న మా పల్లెలో మొన్నటి మాఘమాసమున మా మఱది కుమారునకు ఇరువదియొకటవనాటి బారసాల జరిగినది. అత్తవారింటినుండి వచ్చిన మా చిన్న ఆడుబిడ్డ పెదవియంచున నీటిపొక్కులు గుత్తిగా లేచియుండెను. "జ్వరము వచ్చి మూతి పేలినది వదినా" యని యామె తేలికగనే చెప్పెను.

నెల్లూరిలో ఒక వైద్యుడు దానిని హెర్పీస్ అనెనని తెలియగానే ఇంట మాటతీరు మాఱినది. అది చెడునడతవలన వచ్చు రోగమని ఒకరనిరి; నిప్పులేనిదే పొగరాదని మఱియొకరనిరి. ఆమెకు వేఱు కంచము, వేఱు చాప ఏర్పడినవి. పురాణములు చదివితిమనుకొను మేమును నోరు మెదపకపోగా, ఆమె త్రాగిన గ్లాసును రెండుమార్లు తోమించితిమి. ఆ రాత్రి ఆమె పెరటియరుగుపై ఒంటిగా భోజనము చేసినది.

ఆనాడే, పెదవిపై అట్టి పొక్కే యున్న పెద్దమ్మగారొకరు బిడ్డను పదేపదే ముద్దాడుచుండిరి. పెద్దవారని ఎవ్వరును వారింపలేదు.

మఱునాడు మావారు ఆ వైద్యునడిగి వచ్చి తెలుపగా మాకు కనువిప్పు కలిగినది. హెర్పీస్ అను గ్రీకుమాటకు ప్రాకునదని యర్థము. మన సర్పియు అట్టి మాటయే గాని, సర్పిని కలిగించు వైరసు వేఱు. పెదవిపొక్కులను తఱచుగా కలిగించునది హెర్పీస్ మొదటిరకము. 2020వ సంవత్సరపు లెక్కనుబట్టి లోకమున 50 ఏండ్లలోపువారిలో 380 కోట్లమందికి, అనగా నూటికి 64 మందికి, ఇది కలదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. పెక్కుమందికి బాల్యముననే, తమవారి ముద్దులవలననే సోకును. పిదప నరములలో జీవితాంతము దాగియుండి, జ్వరము, ఎండ, అలసట కలిగినపుడు పైకి వచ్చును. కావున పెదవిపొక్కు శీలమునకు సాక్ష్యము కాదు.

చేయి పట్టుకొన్నను, ఒకే చాపపై కూర్చున్నను ఇది సోకదు. పొక్కును, ఉమ్మిని నేరుగా తాకినచో సోకును. పొక్కు లేనపుడును ఒక్కొక్కసారి సోకవచ్చును గాని, పచ్చిగా నున్నపుడు భయమెక్కువ. అది మానువఱకు ముద్దులు వలదు. పొక్కును తాకిన చేతిని కడుగక కంటికి తగిలింపరాదు. గ్లాసును, తువ్వాలును వేఱుంచుట తప్పు కాదు. మనిషిని వేఱుంచుటయే తప్పు.

నెలలోపు శిశువునకు మాత్రమిది ప్రాణాపాయము. అరుదే యైనను, మెదడునకు ప్రాకగలదు. బిడ్డ పాలు త్రాగకున్నను, మగతగ నున్నను, జ్వరమో పొక్కులో కనిపించినను ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలయును. ఎసైక్లోవిర్ అను మందు కలదు. దానిని వెలువరించిన పరిశోధకబృందమునకు పెద్దయైన గెర్ట్రూడ్ ఎలియాన్ అను వనిత 1988లో నోబెల్ బహుమానము నందుకొన్నవారిలో నొకరు. తల్లి పెదవిపైనే పొక్కున్నచో, నోటికి గుడ్డ కట్టుకొని, చేతులు కడుగుకొని పాలీయవచ్చును. రొమ్ముపై నున్నచో ఆ వైపు పాలీయరాదు.

దైవకృపచే మా బిడ్డకేమియు కాలేదు. ఉగాదికి మేమే ఆడుబిడ్డ ఇంటికి పోయి, ఒకే చాపపై ఆమెతో కూర్చుండి భుజించితిమి. మంచినీళ్లగ్లాసు మా చేతికిచ్చుచు, "తోమి తెత్తునా వదినా?" అని యామె యడిగినది. మాకు బదులు తోచక, త్రాగితిమి.