విమానాల కింద మా ద్రాక్షపందిరి

శంషాబాద్ అనగానే మీకేం గుర్తొస్తుంది? విమానాలేగా! 1998లో నేనిక్కడికి కోడలిగా వచ్చినప్పుడు మాత్రం ఎటు చూసినా ద్రాక్షతోటలే. మా మామయ్యగారికి మూడెకరాలుండేది. రాతి స్తంభాల మీద ఇనుప తీగలు లాగి, తలపైన పందిరి. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా దాని కింద కూర్చుని పప్పు బాగుచేసుకునేదాన్ని.

మాది అనాబ్-ఎ-షాహి, అంటే రాచద్రాక్ష. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ గారు హైదరాబాదుకు తెచ్చిన రకమట. పొడుగు కాయ, పండితే తేనెరంగు. గింజ ఉంటుందని పిల్లలు గింజల్లేని థాంసన్‌నే అడుగుతారు గానీ, నన్నడిగితే రసమంతా దీన్లోనే ఉంది. తొక్క మరీ పల్చన. కోశాక నాలుగు రోజులు ఆగదు. ఆ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అక్కడికే వస్తాను.

ద్రాక్షకి ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒక్కటే పంట. ఏప్రిల్‌లో కత్తిరిస్తే కొత్త కొమ్మలొస్తాయి. అక్టోబరులో కత్తిరిస్తే పూత. ఈ మధ్యలో వాన పడిందా, బూజు తెగులే! అందుకని వారం వారం మందు కొట్టేవాళ్లు. ఒకనాడు మందు కొడుతూ కొడుతూ మామయ్య తోటలోనే వాంతి చేసుకుని పడిపోయారు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఇంటికి రాగానే అత్తమ్మ ఒకటే మాటంది, "మనం పండించింది మన పిల్లలకు పెట్టనీకి భయపడాల్నా?"

ఆ ఏడు నుంచి ఆ మందులు బంద్. చెప్పడానికి బాగానే ఉంది గానీ, మొదటి ఏడాది అకాలవానకి పంటంతా తుడిచిపెట్టుకుపోయింది. నా పుట్టింటివాళ్లు పెట్టిన నాలుగు గాజులు అమ్మి అప్పు కట్టాం. ఆ రాత్రి నేనేడవలేదని చెబితే అబద్ధమే.

తర్వాత తర్వాత నేర్చుకున్నాం. పశువుల ఎరువు, వేపపిండి, గాలీ వెలుతురూ ఆడేలా ఆకులు పల్చబరచడం, బూడిద తెగులుకి గంధకం పొడి. సేంద్రియం అంటే ఏమీ కొట్టరనుకోకండి! వంద లీటర్ల నీళ్లకి కిలో మైలుతుత్తం, కిలో సున్నం కలిపితే బోర్డో మిశ్రమం. విడివిడిగా ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కరిగించి కలపాలి. అందులో ఇనుప కత్తి ముంచి చూడాలి. కత్తికి ఎర్రగా రాగి పట్టిందంటే సున్నం చాలలేదన్నమాట. మామయ్య ఉన్నన్నాళ్లూ ఆ పరీక్ష నాదే. సాంబారులో ఉప్పు చూసినట్టు!

2008 మార్చిలో విమానాశ్రయం తెరిచారు. భూమి ధర ఎక్కడికో పోయింది. పక్క తోటలు ఒక్కొక్కటే ప్లాట్లయ్యాయి. అమ్మినవాళ్లని నేను తప్పుపట్టను. ఆడపిల్ల పెళ్లి ఉన్నవాళ్లు, బోరు ఎండిపోయినవాళ్లు ఏం చేస్తారు? మా మరుదులు వాళ్ల భాగాలు అమ్ముకున్నారు. మా వాటాకి వచ్చినదాంట్లో ఇప్పుడు మిగిలింది అర ఎకరం.

ఇటలీలో చదువుతున్న మా ఆడపడుచు కొడుకు పోయినేడు వచ్చినప్పుడు, "అత్తా, ఇది చూడు" అని ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. అచ్చం మా పందిరే! అబ్రుజ్జో అనే ప్రాంతమట. ఇటలీ వైన్ అంటే అందరూ టస్కనీ పేరే చెబుతారుగానీ దీని పేరు చెప్పేవాళ్లు తక్కువట. అక్కడ తొరానో నువోవో అనే ఊళ్లో ఎమిడియో పెపే అనే ఆయన 1964లో వైన్ పని మొదలుపెట్టారు. పురుగుమందుల్లేవు. తెల్లద్రాక్షను కాళ్లతో తొక్కుతారు, నల్లద్రాక్షను చేత్తోనే కాడల నుంచి వలుస్తారు. ఆయన తర్వాత కూతుళ్లు, ఇప్పుడు మనవరాలు ఆ పని చూస్తున్నారు. వైన్ అనగానే ముక్కున వేలేసుకోకండి, నేనూ దాని రుచి ఎరగను! నన్ను పట్టుకున్నది రెండు సంగతులు. వాళ్ల ద్రాక్ష సీసాలో ఏళ్ల తరబడి ఆగుతుంది, మంచి ధర వచ్చేదాకా. మాది నాలుగు రోజుల్లో ఎంత అడిగితే అంతకి ఇచ్చేయాలి. రెండోది, ఆ తోట కూతుళ్ల చేతికి వెళ్లింది.

దసరాకి బ్రోకరు వచ్చాడు. మావారు దాదాపు ఒప్పుకున్నారు. "ఏడాదికి ఎంతొస్తుంది దాని మీద?" అని నన్నే అడిగారు. పాలలెక్క రాసే పుస్తకంలోనే తోటలెక్క కూడా రాస్తాను. తెచ్చి ముందు పెట్టాను. బ్రోకరు చెప్పిన దాని ముందు అది చిల్లరే, నాకు తెలియదా? "నా గాజులు కూడా అందులోనే ఉన్నాయి కదండీ" అన్నాను. ఇరవై ఏళ్లలో ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి.

ఆయన ఏం మాట్లాడలేదు. రెండు రోజులయ్యాక మామయ్య కత్తెర నూనె రాసి నా చేతికిచ్చి, "ఈ పంట చూద్దాం" అన్నారు. అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి నిచ్చెన పట్టుకుంది. అర ఎకరం కత్తిరించడానికి మా ఇద్దరికీ ఆరు రోజులు పట్టింది. మొన్ననే చిగుళ్లు పడ్డాయి. పూతలో వాన రాకపోతే ఫిబ్రవరి ఆఖరికి పండ్లు. అటుగా వస్తే ఆగండి. గేటు దగ్గర తూకం వేసేది నేనే.